గ్రాండ్ కాన్యన్ మీద హెలికాప్టర్ టూర్: ప్లాన్ చేయడం నుంచి ఎక్కి దిగేదాకా

మా అమ్మానాయనలు మొదటిసారి అమెరికా వచ్చినప్పుడు వాళ్లకు గ్రాండ్ కాన్యన్‌ను హెలికాప్టర్‌లోంచి చూపించాలని లాస్ వేగాస్‌కు టికెట్లు తీశాను. నాలుగు రోజుల ట్రిప్. పెద్ద సరదా చివర్లో ఉంటే బాగుంటుందని హెలికాప్టర్‌ను ఆఖరి రోజు ఉదయానికి పెట్టాను. ఆ రోజు తెల్లవారుజామునే ఫోన్ వచ్చింది: గాలి ఎక్కువగా ఉంది, ఈరోజు ఎగరడం లేదు, రేపు రండి అని. మధ్యాహ్నానికి మా విమానం. ఇక రేపు ఎక్కడిది? పైగా నేను బుక్ చేసింది హెలికాప్టర్ కంపెనీ దగ్గర కాదు, మధ్యలో ఉండే ఒక వెబ్‌సైట్‌లో. డబ్బు వెనక్కి రావడానికి ఏడు వారాలు పట్టింది. నాయన మాత్రం "ఇంగోసారి చూద్దాం లేరా" అని సూట్‌కేసు సర్దుకున్నాడు.

ఆ ఇంగోసారి రెండేళ్లకు వచ్చింది. ఆసారి ఒక్కొక్కటీ కనుక్కుని, సరిచూసుకుని వెళ్లాను. అలా తెలుసుకున్నవన్నీ ఇక్కడ వరుసగా రాస్తున్నాను. అమెరికాలో ఉంటూ అమ్మానాన్నల్ని, అత్తమామల్ని, పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. వాళ్లను దృష్టిలో పెట్టుకుని రాశాను. హెలికాప్టర్ టూర్‌లో మన చేతిలో ఉండేదంతా ఎక్కకముందే. ఏ అంచు, ఏ రోజు, ఏ గంట అన్న మూడూ సరిగ్గా కుదుర్చుకుంటే మిగతాది పైలట్ చూసుకుంటాడు.

1. ముందు ఏ అంచో తేల్చుకోండి

గ్రాండ్ కాన్యన్ అనగానే ఒకటే చోటు అనుకుంటాం. ఆ లోయ పొడవు 446 కిలోమీటర్లు, అంటే విజయవాడ నుంచి చెన్నైకి రోడ్డు మీద వెళ్లేంత దూరం. కొన్నిచోట్ల వెడల్పు 29 కిలోమీటర్లు, లోతు 1,600 మీటర్ల పైనే. హెలికాప్టర్ దాంట్లో ఒక చిన్న ముక్కను మాత్రమే చూపిస్తుంది. ఆ ముక్క ఏదన్నది మీరు ఎక్కడి నుంచి ఎగురుతున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది.

లాస్ వేగాస్ నుంచి హెలికాప్టర్ బయల్దేరితే అది వెళ్లేది వెస్ట్ రిమ్‌కు, అంటే పడమటి అంచుకు. ఇది నేషనల్ పార్క్ కాదు, హువాలపై అనే ఆదివాసీ తెగవాళ్ల సొంత భూమి. 2007లో తెరిచిన గాజు వంతెన స్కైవాక్ ఉన్నది ఇక్కడే. నేషనల్ పార్క్ పాస్ మీ దగ్గర ఉన్నా ఇక్కడ చెల్లదు. వేగాస్ నుంచి వెస్ట్ రిమ్‌కు రోడ్డు మీద రెండు గంటల పైన పడుతుంది. హెలికాప్టర్‌లో పోతే దారిలో హూవర్ డ్యామ్, లేక్ మీడ్, మొహావీ ఎడారి కూడా కనబడతాయి. వెస్ట్ రిమ్ గొప్పదనం ఇంకొకటి ఉంది. హెలికాప్టర్ అంచు కిందికి దిగి, లోయ లోపల నేల మీద వాలగలిగేది ఇక్కడే. నేషనల్ పార్క్ పరిధిలో టూర్ హెలికాప్టర్లు అంచు కిందికి దిగకూడదు.

సౌత్ రిమ్ అంటే అసలు నేషనల్ పార్క్, 1919లో ఏర్పడింది. క్యాలెండర్ల మీద, పోస్టర్ల మీద మనం చూసే ఎర్రటి మెట్లు మెట్లుగా ఉండే ఆ విశాలమైన దృశ్యం ఇక్కడిది. ఇక్కడి టూర్లు పార్కు గేటు బయట ఉన్న టుసయాన్ ఊరి ఎయిర్‌పోర్ట్ నుంచి బయల్దేరతాయి. వేగాస్ నుంచి కారులో నాలుగున్నర గంటలు. టేకాఫ్ అయ్యాక కొన్ని నిమిషాలు పైన్ చెట్ల అడవి మీద తక్కువ ఎత్తులో పోతారు, ఉన్నట్టుండి కింద నేల మాయమవుతుంది. ఆ ఒక్క క్షణం కోసమే సౌత్ రిమ్ ఎంచుకునేవాళ్లు ఉన్నారు. అరగంట లోపు టూర్లలో ఎక్కువ భాగం డ్రాగన్ కారిడార్ అనే దారిలో వెళ్లి వస్తాయి. ముప్పావు గంట, యాభై నిమిషాల టూర్లు తూర్పు వైపు నుంచి చుట్టుకుని వస్తాయి. స్థోమత ఉంటే పెద్దదే తీసుకోండి. అరగంటది కళ్లు అలవాటు పడేలోపే అయిపోతుంది.

పెద్దవాళ్లను తీసుకెళ్తుంటే సౌత్ రిమ్‌లో ఇంకో ఆకర్షణ ఉంది. లోయలో గుడి గోపురాల్లా నిలబడ్డ కొండలకు విష్ణు టెంపుల్, బ్రహ్మ టెంపుల్, శివ టెంపుల్ అని పేర్లున్నాయి. రామ ష్రైన్, కృష్ణ ష్రైన్ కూడా ఉన్నాయి. 1880ల్లో క్లారెన్స్ డటన్ అనే భూగర్భ శాస్త్రవేత్త తూర్పు దేశాల దేవుళ్ల పేర్లు పెట్టడంతో ఈ ఒరవడి మొదలైంది. లోయ అడుగున ఉన్న, 170 కోట్ల సంవత్సరాల నాటి నల్లరాయి పేరు కూడా విష్ణు షిస్టే. మా అమ్మ అంచు మీద నిలబడి ఆ కొండలకు చేతులు జోడించింది.

నా సలహా ఇది. వేగాస్‌లోనే ఉంటారు, టైమ్ తక్కువ, లోయ లోపల దిగి నది పక్కన నిలబడాలని ఉంది అంటే వెస్ట్ రిమ్. రెండు రోజులు కారులో తిరగగలరు, అసలు విశ్వరూపం చూడాలి అంటే సౌత్ రిమ్. ఎవరైనా "గ్రాండ్ కాన్యన్ హెలికాప్టర్" అని అమ్ముతుంటే, ముందు ఏ రిమ్ అని అడగండి. వెస్ట్ రిమ్ టూర్‌కు సౌత్ రిమ్ ఫొటోలు పెట్టే ప్రకటనలు కూడా చూశాను.

2. టూర్‌లో ఏముందో చదవండి

పేర్లన్నీ ఒకేలా ఉంటాయి, లోపల సరుకు వేరు. "ఎయిర్ టూర్" అని ఉంటే అది చిన్న విమానం కావచ్చు. విమానం చవక, దాంట్లో తప్పేమీ లేదు, కానీ మీరు హెలికాప్టర్ అనుకుని కొంటే మాత్రం నిరాశ పడతారు. "ల్యాండింగ్" అని స్పష్టంగా ఉంటేనే లోయలో దిగుతారు. వేగాస్ నుంచి ల్యాండింగ్ టూర్ అంటే హోటల్ నుంచి హోటల్‌కు నాలుగు గంటలు పెట్టుకోండి. అందులో గాల్లో ఉండేది గంట పైచిలుకు, నేల మీద దిగి ఉండేది అరగంట. షాంపేన్, చిన్న స్నాక్ ఇస్తారు. షాంపేన్ వద్దనేవాళ్లకు జ్యూసో నీళ్లో ఉంటాయి. స్నాక్‌లో మాంసం ఉంటుందేమో బుక్ చేసేటప్పుడే అడగండి.

మూడో పద్ధతి కూడా ఉంది. కారులోనో బస్సులోనో వెస్ట్ రిమ్ దాకా వెళ్లి, అక్కడి నుంచి హెలికాప్టర్‌లో కొన్ని నిమిషాల్లో లోయ అడుగుకు దిగి, కొలరాడో నదిలో కాసేపు పడవలో తిరిగి పైకి రావడం. గాల్లో ఎక్కువసేపు కూర్చోవడానికి భయపడే పెద్దవాళ్లకు ఇది బాగుంటుంది.

బడ్జెట్ అంత లేకపోతే రాత్రి పూట వేగాస్ స్ట్రిప్ (పెద్ద హోటళ్లు, కాసినోలు ఉండే వీధి) లైట్ల మీద పది పన్నెండు నిమిషాలు తిప్పే రైడ్ చూడండి. మన మేడారం జాతరలో వేసే జాయ్ రైడ్ లాంటిదే. పిల్లలకు అది చాలు.

3. రోజు: ట్రిప్ మొదట్లో పెట్టుకోండి

ఈ మార్గదర్శిలో ఒక్కటే గుర్తుపెట్టుకోగలిగితే ఇది పెట్టుకోండి. హెలికాప్టర్‌ను ట్రిప్‌లో మొదటి రోజుకో రెండో రోజుకో బుక్ చేసి, దాని వెనక కనీసం ఒక రోజు ఖాళీగా ఉంచండి. గాలి వల్లో మబ్బు వల్లో రద్దయితే కంపెనీలు మామూలుగా మర్నాటికి మారుస్తాయి, లేదా డబ్బు వెనక్కి ఇస్తాయి. మర్నాడు మీరు ఆ ఊళ్లోనే ఉంటే మారుస్తారు. లేకపోతే మాకు జరిగిందే జరుగుతుంది. రెండోసారి వెళ్లినప్పుడు మొదటి రోజు మళ్లీ గాలే. కానీ మర్నాడు ఉదయం ఏడింటికి సీట్లు ఇచ్చారు. ఎలాంటి టెన్షన్ పడలేదు.

నెల విషయానికొస్తే, మార్చి నుంచి మే దాకా గాలులు ఎక్కువ. జూలై నుంచి సెప్టెంబర్ మధ్య దాకా కాన్యన్ ఉన్న అరిజోనాలో వాళ్ల వానాకాలం, మధ్యాహ్నాలు ఉరుములు మెరుపులు వస్తాయి. చలికాలంలో సౌత్ రిమ్‌లో మంచు పడుతుంది, ఒక్కోసారి లోయ మొత్తం మబ్బుతో నిండిపోతుంది. అయితే ఆకాశం తేటపడిన రోజున ఎర్ర రాళ్ల మీద తెల్ల మంచు చూసినవాళ్లు ఎప్పుడూ దాని గురించే చెబుతుంటారు. నాకు నచ్చినవి సెప్టెంబర్ చివర, అక్టోబర్. మెమోరియల్ డే, జూలై 4, థ్యాంక్స్‌గివింగ్, క్రిస్మస్ వారాల్లో వెళ్లేటట్టయితే నెల ముందే బుక్ చేయండి. నలుగురైదుగురు ఒకే హెలికాప్టర్‌లో కూర్చోవాలంటే ఇంకా ముందు.

4. గంట: పొద్దున్నే

ఎండ ఎక్కేకొద్దీ నేల వేడెక్కి గాలి పైకి తన్నుతుంది, హెలికాప్టర్ కుదుపులు పెరుగుతాయి. వాంతుల భయం ఉన్నవాళ్లకు పొద్దున్నే బయల్దేరేది మంచిది. ఇంకో కారణం వెలుతురు. నడినెత్తిన సూర్యుడు ఉంటే లోయ చదునుగా, వెలిసిన రంగులో కనబడుతుంది. ఏటవాలు ఎండలో ఒక్కో పొరా నీడతో విడివిడిగా తేలుతుంది. సాయంత్రం కూడా అందమే కానీ వేసవిలో వాన మబ్బులు అప్పుడే వస్తాయి. సౌత్ రిమ్‌లో ఇంకో సంగతి ఉంది. డ్రాగన్ కారిడార్‌లోనూ, తూర్పు వైపున్న జూని కారిడార్‌లోనూ టూర్లకు ప్రభుత్వం వేళలు పెట్టింది. మే నుంచి సెప్టెంబర్ దాకా ఉదయం 8 నుంచి సాయంత్రం 6 లోపు, మిగతా నెలల్లో 9 నుంచి 5 లోపు. అందుకని సౌత్ రిమ్ మీద సూర్యోదయాన్ని హెలికాప్టర్‌లోంచి చూడటం కుదరదు. సూర్యోదయం అంచు మీద నిలబడి చూసి, ఆ తర్వాత మొదటి ఫ్లైట్ ఎక్కండి.

గడియారం దగ్గర చాలామంది పొరబడతారు. అరిజోనాలో దాదాపు అంతటా గడియారం ముందుకూ వెనక్కూ జరపరు, వేగాస్ ఉన్న నెవాడాలో జరుపుతారు. వేసవిలో రెండు చోట్లా ఒకటే టైమ్. నవంబర్ మొదట్నుంచి మార్చి రెండో వారం దాకా అరిజోనా ఒక గంట ముందుంటుంది. డిసెంబర్‌లో వేగాస్ నుంచి కారులో టుసయాన్‌కు ఉదయం పదింటికి ఉన్న ఫ్లైట్ కోసం వెళ్తుంటే, మీ వేగాస్ లెక్కలో అది తొమ్మిదింటికే. ఒక్క గంట లెక్క తప్పితే సీటు పోతుంది, డబ్బూ పోతుంది.

5. కంపెనీని ఎంచుకోవడం

1986 జూన్ 18న గ్రాండ్ కాన్యన్ మీద ఒక టూర్ విమానం, ఒక టూర్ హెలికాప్టర్ గాల్లో ఢీకొని 25 మంది చనిపోయారు. మరుసటి ఏడాది అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది. ఆ తర్వాతే ఇక్కడ ఎవరు ఏ దారిలో, ఏ ఎత్తులో ఎగరాలో గీత గీసినట్టు నిర్ణయించారు. పైలట్లు ఎప్పటికప్పుడు తాము ఎక్కడున్నదీ రేడియోలో చెప్పుకుంటూ పోతారు, హెడ్‌సెట్‌లో మీకూ వినబడవచ్చు. 2018 ఫిబ్రవరిలో వెస్ట్ రిమ్ వైపు లోయలో వాలబోతూ ఒక హెలికాప్టర్ కూలింది. ఐదుగురు చనిపోయారు. వెనక నుంచి వీచిన గాలి, సుడులు కారణమని దర్యాప్తులో తేలింది. కూలిన వెంటనే మంటలు రావడంతో ఇంధన ట్యాంకుల సంగతి అందరి దృష్టికీ వచ్చింది.

ఇవి చెప్పింది భయపెట్టడానికి కాదు. ఏం అడగాలో తెలియడానికి. ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి. మీరు ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) పార్ట్ 135 సర్టిఫికేట్ కింద, అంటే డబ్బు తీసుకుని ప్రయాణికుల్ని తిప్పే కంపెనీలకు ఇచ్చే అనుమతి కింద ఎగురుతారా? నేను ఎక్కబోయే హెలికాప్టర్ ఏ మోడల్, దానికి కూలినా పగలని ఇంధన వ్యవస్థ ఉందా? గాలి ఎంత ఉంటే ఆపేస్తారు, అప్పుడు నా డబ్బు సంగతేమిటి? మంచి కంపెనీలో ఫోన్ ఎత్తినవాళ్లు తడుముకోకుండా జవాబు చెబుతారు. జవాబు దాటవేస్తే ఇంకో కంపెనీ చూసుకోండి. కంపెనీ పేరుతో పాత ప్రమాదాల నివేదికలు ఎన్‌టీఎస్‌బీ (అమెరికాలో రవాణా ప్రమాదాల్ని దర్యాప్తు చేసే సంస్థ) వెబ్‌సైట్‌లో అందరికీ అందుబాటులోనే ఉంటాయి. పది నిమిషాలు పెట్టి చూడండి.

తలుపులు తీసేసి ఎగిరే ఫొటో ఫ్లైట్ల గురించి ఒక మాట. న్యూయార్క్‌లో 2018 మార్చిలో అలాంటి ఫ్లైట్ నదిలో దిగినప్పుడు, అదనంగా కట్టిన బెల్టులు విప్పుకోలేక ఐదుగురు ప్రయాణికులు మునిగిపోయారు. కుటుంబంతో వెళ్లేవాళ్లకు తలుపులున్న హెలికాప్టరే సరి.

మోడళ్లలో ఎక్కువగా వినబడేది ఈసీ130. అదే ఇప్పుడు ఎయిర్‌బస్ హెచ్130. పెద్ద అద్దాలు, తోక రెక్క గుండ్రటి చట్రంలో ఉంటుంది, చప్పుడు తక్కువ. పైలట్ కాక ఆరుగురు ఏడుగురు పడతారు. ఏ-స్టార్, బెల్ రకాలు కూడా మంచివే. కానీ వెనక వరుసలో మధ్య సీట్లు వచ్చినవాళ్లకు చూపు కొంచెం అడ్డం పడుతుంది. ధరలో ఇరవై ముప్పై డాలర్లే తేడా అయితే ఈసీ130 తీసుకోండి.

6. ధర, బుకింగ్

వేగాస్ నుంచి ల్యాండింగ్ టూర్లు మామూలుగా మనిషికి 400 నుంచి 700 డాలర్ల మధ్య ఉంటాయి. సూర్యాస్తమయం, లిమోలో పికప్ లాంటివి కలిస్తే ఇంకా పైకి పోతాయి. పైన కనబడే ధర చూసి నిర్ణయించకండి. ఆఖరి పేజీ దాకా వెళ్లి మొత్తం చూడండి. ఇంధన సర్‌చార్జి, ల్యాండింగ్ ఫీజు, హువాలపై భూమి ఫీజు విడిగా కలుపుతారు. కొన్నిచోట్ల అవి అక్కడికి వెళ్లాక కౌంటర్ దగ్గర కట్టమంటారు. నలుగురికి లెక్కేస్తే అది చిన్న మొత్తమేమీ కాదు.

బుకింగ్ కంపెనీ సొంత వెబ్‌సైట్‌లోనో ఫోన్‌లోనో చేసుకోండి. మధ్య వెబ్‌సైట్లలో పది డాలర్లు తగ్గొచ్చు. కానీ రద్దయినప్పుడు కంపెనీవాళ్లు "మీరు కొన్నచోట అడగండి" అంటారు, అక్కడివాళ్లు "కంపెనీ నుంచి మాకు రావాలి" అంటారు. స్ట్రిప్ మీద నడుస్తుంటే సగం ధరకే హెలికాప్టర్ ఇప్పిస్తామని పిలిచే స్టాళ్లు ఉంటాయి. వాటిలో చాలావరకు టైమ్‌షేర్, అంటే ఏటా కొన్ని రోజులు వాడుకునేలా రిసార్టులో వాటా అమ్మేవాళ్లవి. రెండు మూడు గంటలు కూర్చోబెట్టి అమ్ముతారు. అమ్మానాన్నలతో ఉన్న పొద్దు అలా పోగొట్టుకోకండి.

బుక్ చేసేముందు రద్దు నియమం చదవండి. కొందరు 24 గంటల ముందు దాకా, కొందరు 72 గంటల ముందు దాకా మాత్రమే డబ్బు తిరిగిస్తారు. ఇండియా కార్డుతో కడుతుంటే ఫారెక్స్ చార్జీ ఎంతో చూసుకోండి. విజిటర్ ఇన్సూరెన్స్ తీసుకున్న పెద్దవాళ్లకు పాలసీలో హెలికాప్టర్ రైడ్‌ను మినహాయించారేమో ఆ కంపెనీనే అడిగి, జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి. రెండేళ్ల లోపు పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకోనిచ్చే కంపెనీలు ఉన్నాయి, వయసు రుజువు అడుగుతారు. చప్పుడుకు పసిపిల్లలు బెదురుతారు కాబట్టి, వాళ్లను ఒకరు కింద ఉండి చూసుకోవడమే మేలని నా అభిప్రాయం.

7. బరువు నిజం చెప్పండి

బుకింగ్‌లో ప్రతి ఒక్కరి బరువు అడుగుతారు. మనవాళ్లు ఇక్కడ మొహమాటపడి నాలుగైదు కిలోలు తగ్గించి చెబుతారు. చెప్పకండి. అక్కడికి వెళ్లాక ఎలాగూ కాటా మీద నిలబెడతారు, బట్టలతో, బూట్లతో, చేతిలో ఉన్న కెమెరాతో సహా. మా దగ్గర అంకె పైకి కనబడలేదు, అక్కడున్న అమ్మాయి మాత్రమే కంప్యూటర్‌లో చూసుకుంది. మా అమ్మకు అదే పెద్ద ఊరట.

ఆ అంకెలను బట్టే ఎవరు ఎక్కడ కూర్చోవాలో నిర్ణయిస్తారు. ముందు వెనక, కుడి ఎడమ బరువు సరితూగాలి. ఎండాకాలం వేడిగాలి పలచనవుతుంది, హెలికాప్టర్ మోయగలిగే బరువు తగ్గుతుంది. టుసయాన్ లాంటి చోట, సముద్ర మట్టానికి 2,000 మీటర్ల ఎత్తున, ఇది మరీ ముఖ్యం. బరువు తప్పు చెబితే ఆఖరి నిమిషంలో మీ కుటుంబాన్ని రెండు హెలికాప్టర్లలోకి విడదీయాల్సి రావచ్చు. 275 నుంచి 300 పౌండ్లు, అంటే 125 నుంచి 136 కిలోలు దాటినవాళ్లను రెండో సీటు కొనమంటారు. కిలోలను 2.2తో గుణిస్తే పౌండ్లు వస్తాయి.

ముందు సీటు కోసం అదనంగా డబ్బు తీసుకునే కంపెనీలు ఉన్నాయి. అదీ బరువు కుదిరితేనే ఇస్తారు. డబ్బు కట్టకపోయినా, చెకిన్ దగ్గర "మా నాన్నగారికి ఇదే మొదటిసారి, కిటికీ పక్కన వీలవుతుందా" అని మర్యాదగా అడగండి. వీలుంటే చూస్తారు.

8. పెద్దవాళ్లను సిద్ధం చేయడం

చీర గురించి ముందే మాట్లాడుకోండి. చాలాచోట్ల రెక్కలు తిరుగుతుండగానే ఎక్కిస్తారు. ఆ గాలికి కొంగు ఎగిరిందంటే పెద్ద ప్రమాదం. చున్నీ, మఫ్లర్, టోపీ ఏదీ వదులుగా ఉండకూడదు. పంజాబీ డ్రెస్ వేసుకుని చున్నీ బ్యాగులో పెట్టుకుంటే సరిపోతుంది. చీరే కట్టుకుంటానంటే కొంగు నడుం చుట్టూ బిగించి దోపి, పైన జిప్ ఉన్న జాకెట్ వేయండి. ఆ రెండూ చేశాక ఎక్కనిస్తారా లేదా అన్నది వాళ్ల ఇష్టం, కాబట్టి ఫోన్‌లో అడిగి ఉంచుకోండి. కాళ్లకు చెప్పులు కాదు, బూట్లు.

ముదురు రంగు బట్టలు వేసుకోండి. లేత రంగు చొక్కా కిటికీ అద్దంలో ప్రతిబింబించి ఫొటోలన్నీ పాడవుతాయి. నలుపు, ముదురు నీలం అయితే ఆ బెడద ఉండదు. పోలరైజ్డ్ కళ్లద్దాలతో చూస్తే కిటికీలో ఇంద్రధనుస్సు చారలు కనబడతాయి, మామూలు కళ్లద్దాలు పెట్టుకోండి.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఎక్కే మెట్టు కొంచెం ఎత్తే. సిబ్బంది చెయ్యి పట్టుకుని ఎక్కిస్తారు. గుండె జబ్బు, ఈమధ్యే ఆపరేషన్, చెవి సమస్య ఉంటే డాక్టర్‌ను అడగకుండా తీసుకెళ్లొద్దు. బస్సెక్కితే వాంతులయ్యేవాళ్లకు గంట ముందు మాత్ర వేయాలి. ఏ మాత్ర అన్నది వాళ్లు వాడుతున్న బీపీ, షుగర్ మందులతో పడుతుందో లేదో కనుక్కునే వేయండి. ఖాళీ కడుపుతో వద్దు, నిండుగా తినీ వద్దు. మేం రెండు ఇడ్లీలు, ఒక అరటిపండు పెట్టాం.

అన్నిటికన్నా పనికొచ్చింది ముందు రోజు రాత్రి చేసిన పని. హెడ్‌సెట్‌లో పైలట్ చెప్పేదంతా ఇంగ్లీషే, అదీ వేగంగా. అందుకని హోటల్ లెటర్‌ప్యాడ్ మీద గీసి చూపించాను: ఇక్కడ మనం ఎక్కుతాం, ఇది డ్యామ్, ఇది చెరువు, ఇక్కడ నేల తెగుతుంది, ఇక్కడ దిగుతాం. పైలట్ మాటలు అర్థం కాకపోయినా మర్నాడు నాయన ఆ కాగితం మోకాలి మీద పెట్టుకుని ఒక్కొక్కటీ వేలితో చూపిస్తూ వచ్చాడు.

9. ఆ రోజు

పాస్‌పోర్టో లైసెన్సో, ఫొటో ఉన్న ఐడీ ప్రతి ఒక్కరిదీ ఉండాలి. పేర్లు బుకింగ్‌లో ఉన్నట్టే ఉండాలి. మన ఇంటిపేర్ల గందరగోళం ఇక్కడా వస్తుంది, పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే రాయండి. పెద్ద బ్యాగులు లోపలికి రానివ్వరు. ఫోన్‌కు మెడ తాడు ఉంటే మంచిది, సెల్ఫీ స్టిక్ ఒప్పుకోరు. ఎక్కేముందు బాత్రూమ్‌కు వెళ్లి రండి, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్లు. తాగి వెళ్తే ఎక్కనివ్వరు.

సేఫ్టీ వీడియో చూపిస్తారు. అర్థం కానివాళ్లకు నాలుగు మాటలు మీరే తెలుగులో చెప్పండి. హెలికాప్టర్ దగ్గరికి ముందు వైపు నుంచే, సిబ్బంది వెంటే వెళ్లాలి. తోక వైపు ఎప్పుడూ పోకూడదు. టోపీ ఎగిరిపోతే వెనక పరిగెత్తకూడదు. చెయ్యి తల పైకి ఎత్తకూడదు. బెల్టు ఎలా విప్పుకోవాలో కూర్చోగానే ఒకసారి చేసి చూసుకోవాలి.

పైలట్ ఈరోజు వద్దంటే బతిమాలకండి. ఎంత దూరం నుంచి వచ్చామో చెప్పి ఒత్తిడి పెట్టకండి.

10. గాల్లో

లేచేటప్పుడు విమానంలా పరుగు ఉండదు. ఎవరో మెల్లగా చేతుల్లో ఎత్తుకున్నట్టు నేల విడిచిపెడుతుంది. మొదటి ఐదు నిమిషాలు ఫొటోలు తీయకండి, చూడండి. కడుపులో తిప్పితే దూరంగా ఉన్న కొండల అంచును చూస్తూ ఉండాలి, ఫోన్ తెర చూస్తే ఎక్కువవుతుంది. ఫొటో తీసేటప్పుడు ఫోన్‌ను అద్దానికి ఆనించకుండా కాస్త ఎడంగా పట్టుకోండి. ఆనిస్తే అదురుకు బొమ్మ చెదురుతుంది. ఫ్లాష్ ఆపేయండి. వీడియో అయితే ఒకరు తీస్తే చాలు, మిగతావాళ్లు కళ్లతో చూడాలి.

మా ఊరు జమ్మలమడుగు. గండికోట కొండల మధ్య పెన్నా కోసిన లోయ నాయనకు చిన్నప్పట్నుంచి తెలుసు. వెస్ట్ రిమ్ అంచు దాటి హెలికాప్టర్ కిందికి దిగుతుంటే ఆయన ముందుకు వంగి, అడుగున మట్టిరంగు దారంలా కనిపిస్తున్న కొలరాడోను చూశాడు. దిగాక, రెక్కల చప్పుడు ఆగాక, మొదట అన్న మాట: "ఏమిరా, ఇంత సన్న ఏరు కోసిండేదా ఇదంతా?" యాభై అరవై లక్షల ఏళ్లు పట్టిందట నాయనా అన్నాను. వంగి ఒక రాయి ముట్టుకున్నాడు, జేబులో వేసుకోలేదు. అది ఆ తెగవాళ్ల భూమి, అక్కడి రాయి అక్కడే ఉండాలని ముందే చెప్పి ఉంచాను. మీరూ చెప్పండి.

తిరిగొచ్చాక పైలట్‌కు టిప్ ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. మనిషికి పది నుంచి ఇరవై డాలర్లు నగదుగా దగ్గర ఉంచుకోండి. ఎక్కేముందు తీసిన గ్రూప్ ఫొటోను కౌంటర్ దగ్గర అమ్ముతారు, ధర ఎక్కువే. దిగిన తర్వాత పైలట్‌నే అడిగితే మీ ఫోన్‌తో హెలికాప్టర్ ముందు ఒకటి తీసిపెడతారు. మా ఇంట్లో గోడ మీద ఉన్నది ఆ ఫొటోనే.